కెన్యాకు సువార్త యాత్ర: దిగిన మొదటి రోజుల్లో మేము ఏమి చేయాలి?

ప్రశ్న: కావలి సహోదరి

అందరికీ ప్రభువు నామంలో వందనాలు. మాది నెల్లూరు జిల్లా కావలి దగ్గరి ఒక బాప్టిస్టు సంఘం. రాబోయే జూలైలో మా సంఘం నుండి, పక్క ఊళ్ళలోని మరి రెండు సంఘాల నుండి కలిసి కొందరం పడమటి కెన్యాలోని కిసుము పట్టణానికి, అక్కడి నుండి విక్టోరియా సరస్సు ఒడ్డునున్న పల్లెలకు రెండు వారాల సువార్త పరిచర్య కోసం వెళ్ళబోతున్నాము. అక్కడి స్థానిక సంఘమే మమ్మల్ని ఆహ్వానించింది. మాలో ఒకరిద్దరు తప్ప దేశం దాటినవారు ఎవరూ లేరు. నేను బడిలో పాఠాలు చెబుతాను కనుక పదిమంది ఎదుట మాట్లాడటానికి భయం లేదు గాని, విమానం ఎక్కడమే నాకు ఇది మొదటిసారి.

మా బృందానికి నాయకుడిగా ఉన్న అన్నగారు ఒక ప్రణాళిక వేశారు. దిగిన మరునాటి సాయంత్రమే బహిరంగ కూటం, ఆ తరువాతి రోజు పిల్లలకు చెప్పులూ నోటు పుస్తకాలూ పంచడం, మరునాడు ఉచిత వైద్య శిబిరం, ప్రతి రాత్రీ ఆ రోజు ఫోటోలను కానుకలిచ్చినవారి వాట్సాప్ గుంపులో పెట్టడం. కాగితం మీద చూస్తే ఒక్క పూట కూడా ఖాళీ లేదు. మా మేనమామగారు చాలాకాలం సంఘ పెద్దగా ఉన్నవారు. ఆ కాగితం చదివి, "ఇల్లు చేరీ చేరకముందే వాక్యం చెప్పడమేమిటమ్మా, ముందు కాసేపు కూర్చోండి" అని మాత్రం అని, మళ్ళీ ఏమీ మాట్లాడలేదు. అప్పటి నుండి నాకు మనసు నిలకడగా లేదు.

ఇంతకుముందు ఇటువంటి పరిచర్యకు వెళ్ళినవారు, లేదా అక్కడ ఉంటున్నవారు ఎవరైనా ఉంటే, మొదటి వారాన్ని ఎలా నడిపించుకోవాలో దయచేసి చెప్పండి. టీకాలు, మందుల సంగతి కూడా తెలియాలి. అక్కడివారు సాయం అడిగితే ఏమని జవాబివ్వాలన్నది నాకు అన్నిటికంటే కష్టంగా తోస్తున్న ప్రశ్న.

జవాబు: ఒంగోలు నుండి ఒక కాపరి

అమ్మా, వందనాలు. మీ మేనమామగారి మాటను తేలికగా తీసుకోవద్దు. నెల్లూరు, ప్రకాశం జిల్లాల పల్లెల్లో పెరిగిన మనకు ఇటువంటి యాత్రలు అవతలి వైపు నుండి బాగా తెలుసు. చలికాలం వచ్చిందంటే ఏదో ఒక దేశం నుండి అతిథులు వస్తారు. కారు దిగగానే డప్పులు, పూలదండలు, శాలువాలు. ఆ తరువాత ప్రసంగం, పిల్లలకు బట్టలు, వరుసలో నిలబెట్టి ఫోటోలు. పొద్దు వాలేసరికి తిరిగి ఒంగోలులోని హోటలుకు. అతిథుల మనసు మంచిదే, దానిని నేను శంకించను. కాని ఆ రోజు మనం ఏమి గమనించేవాళ్ళమో ఒకసారి గుర్తుచేసుకోండి. నా చిన్నప్పుడు మా పేటలో ఒక బైబిల్ ఉమన్ అమ్మగారు ఉండేవారు. మాకు అక్షరాలు, పాటలు, కీర్తనలు నేర్పింది ఆవిడే. కాన్పు కష్టమైన ఇంటికి అర్ధరాత్రి లాంతరు పట్టుకొని వెళ్ళేదీ ఆవిడే. అతిథులు వచ్చిన నాడు ఆవిడ చివరి వరుసలో, గోడకు ఆనుకొని కూర్చొని ఉండేవారు. వేదిక మీద ఉన్నవారిలో ఒక్కరూ ఆవిడ పేరు అడగలేదు. అతిథి చెప్పిన వాక్యంలో నాకు ఒక్క ముక్క గుర్తు లేదు, ఆ వరుస మాత్రం గుర్తుంది.

మీరు వెళ్ళే పల్లెలోనూ అటువంటి అమ్మ ఒకరు ఉంటారు. మొదటి రెండు మూడు రోజుల్లో మీ బృందం చేయవలసిన పని ఆవిడను వెతికి పట్టుకోవడమేనని నా అభిప్రాయం. ఎవరు రోగులను చూస్తున్నారు, ఎవరు పిల్లలకు ఆదివారపు బడి నడుపుతున్నారు, ఏ కుటుంబం ఇటీవల మనిషిని పోగొట్టుకున్నది, సంఘంలో ఎవరికి ఎవరితో మాటలు లేవు, ఇవన్నీ ఆవిడకు తెలుస్తాయి. ఆవిడతో కలిసి ఇళ్ళకు వెళ్ళండి. ఆవిడ ముందు నడవాలి, మీరు వెనుక. మన స్త్రీల ప్రార్థన కూటాల్లో ఇంటింటి దర్శనానికి అలవాటుపడిన సహోదరీలు ఈ పనిని వేదిక ఎక్కే పురుషులకంటే బాగా చేస్తారు, ఇది నేను కళ్ళారా చూసిన సంగతి.

మన చరిత్ర కూడా అలాగే మొదలైంది. అమెరికా బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే దొరగారు 1840లో నెల్లూరులో మిషనును స్థాపించారు. ఏళ్ళ తరబడి ఫలితం కనబడక, ఆ మిషనును మూసివేయాలన్న చర్చ అమెరికాలో ఒకటికి రెండుసార్లు జరిగింది. ఆ మిషనుకే చెందిన జ్యూయెట్ దొరగారు, దొరసానిగారు కొద్దిమంది నెల్లూరు విశ్వాసులతో కలిసి 1854 జనవరి 1న ఒంగోలులో నేడు ప్రార్థన కొండ అని పిలుచుకొనే గుట్ట ఎక్కి ప్రార్థించారు. వారి తరువాత వచ్చిన మిషనరీ క్లౌ దొరగారు 1865లో నెల్లూరు చేరినా ఒంగోలుకు కాపురం మార్చింది 1866లోనే. మధ్యకాలమంతా నెల్లూరులో భాష నేర్చుకోవడం, మనుషులను తెలుసుకోవడం. అంతకంటే ముఖ్యమైన సంగతి ఒకటుంది. మన పల్లెల్లోకి సువార్త గుంపులు గుంపులుగా వెళ్ళడానికి దారి వేసినవాడు ఆయన కాదు, తాళ్ళకొండపాడుకు చెందిన యెర్రగుంట్ల పేరయ్యగారు. తోళ్ళ వ్యాపారం మీద ఊళ్ళు తిరిగిన ఆ మనిషికి ప్రతి పల్లెలోనూ బంధువులూ, స్నేహితులూ, శిష్యులూ ఉన్నారు. దొరగారు ఆయన వెంట వెళ్ళారు కనుకనే తలుపులు తెరుచుకొన్నాయి. రెండు వారాలకు వెళ్ళేవారికి ఏళ్ళ తరబడి భాష నేర్చుకొనే వీలు లేదు. కాబట్టి అక్కడి పేరయ్య ఎవరో తెలుసుకోవడం మీకు మరీ అవసరం.

ఇక సాయం అడిగేవారి సంగతి. తప్పకుండా అడుగుతారు, అదీ చాటుగా. సగం లేచి ఆగిన ప్రార్థన మందిరం గోడలను మన ఊళ్ళలో అతిథులకు ఎలా చూపిస్తామో, ఆ దారిన వెళ్ళే అవసరం లేకపోయినా కారును అటు ఎలా మళ్ళిస్తామో మనకు తెలియనిదా! మొదటి వారంలో ఎవరికీ, ఏ మాటా ఇవ్వవద్దు. "ఈ సంగతి మీ సంఘ కమిటీ ద్వారా మా సంఘానికి రాయండి" అన్న ఒక్క జవాబును బృందంలో అందరూ ముందే అనుకొని, అందరూ అదే చెప్పాలి. ఒకరు మెత్తబడి జేబులో నుండి తీస్తే మిగతావారు కఠినులైపోతారు, ఆహ్వానించిన కాపరికి ఊళ్ళో తలనొప్పి మిగులుతుంది.

ఈ విషయంలో మన పెద్దలు చూపిన నిదానం గమనించదగినది. 1876 నుండి 1878 వరకు వచ్చిన మహా కరువులో క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం పనిని గుత్తకు తీసుకొని వేలాదిమందికి కూలి చూపించారు. ఆ కరువు పనులు సాగినంత కాలం బాప్తిస్మాలు ఆపివేశారు, కూటి కోసం ఎవరూ రాకూడదని. పనులు ముగిశాక, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ అంకెను మనం ప్రతి సభలోనూ చెప్పుకొంటాము, దానికి ముందు ఆపిన నెలల గురించి మాత్రం ఎవరూ ఎత్తరు. చెప్పులు పంచిన మరునాడే విశ్వసించినవారు చేతులెత్తమని అడిగే ప్రణాళిక మీ నాయకుడిది అయితే, ఆ రెండింటి మధ్య ఎడం పెట్టమని ఆయనకు వినయంగా చెప్పండి. పంచవలసినవేవైనా ఉంటే, తిరుగు ప్రయాణానికి ముందు అక్కడి సంఘం చేతికి అప్పగించి, వారే పంచేలా చేయడం మేలు.

జవాబు: నెల్లూరు నుండి ఒక విశ్రాంత నర్సు

కాపరిగారు చెప్పవలసినవి చెప్పారు. ఒంటి సంగతి నేను చెబుతాను, ఎందుకంటే బృందంలో ఇద్దరు జ్వరంతో పడుకొంటే మిగతావారి పరిచర్య వారిని చూసుకోవడంతోనే సరిపోతుంది.

మొదటిది పసుపు జ్వరం (యెల్లో ఫీవర్) టీకా. భారతదేశం నుండి నేరుగా వెళ్ళేవారిని, ఆ టీకా వేసుకొన్నట్టు చూపే పత్రం కోసం కెన్యా సాధారణంగా పట్టుబట్టదు. పట్టుబట్టేది మన విమానాశ్రయం, మీరు తిరిగి వచ్చేటప్పుడు. కెన్యా ఆ జ్వరం ఉన్న దేశాల జాబితాలో ఉన్నది కనుక, పత్రం లేకుండా దిగినవారిని ఆరు రోజుల వరకు విడిగా ఉంచే అధికారం మన అధికారులకు ఉన్నది. టీకా వేసుకొన్న పది రోజుల తరువాతనే ఆ పత్రం చెల్లుతుంది; ఆ లెక్క చూసుకోకుండా చివరి వారంలో పరుగెత్తేవారు చాలామంది. 2016 జూలై 11 నుండి అమలులో ఉన్న నియమం ప్రకారం ఒక్కసారి వేసుకొంటే జీవితాంతం చెల్లుతుంది. మన జిల్లా వాళ్ళకు దగ్గర చెన్నై, గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్. టీకా వేసే రోజులూ వేళలూ ముందుగా కనుక్కొని, పాస్‌పోర్టు అసలు ప్రతి తీసుకొని వెళ్ళాలి. కోడిగుడ్డు పడనివారు, గర్భిణులు, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవారు, 60 ఏళ్ళు దాటినవారు ఆ సంగతి వైద్యునికి ముందే చెప్పి, ఆయన ఒప్పుకొంటేనే వేసుకోవాలి. పత్రంగా ఇచ్చే ఆ పసుపుపచ్చ కార్డును పాస్‌పోర్టుతోపాటు చేతి సంచిలోనే ఉంచుకోండి, విమానంలో వేసే పెట్టెలో పెట్టవద్దు.

రెండవది మలేరియా. నైరోబీలో దాని బెడద తక్కువ, మీరు వెళ్ళే సరస్సు ఒడ్డున ఎక్కువ. అక్కడిది ప్రాణాంతకమైన రకం. రాకుండా ముందుగా వేసుకొనే మాత్రలు ఉన్నాయి. కొన్నింటిని ప్రయాణానికి ఒకటి రెండు రోజుల ముందు, కొన్నింటిని రెండు మూడు వారాల ముందు మొదలుపెట్టాలి. వచ్చాక కూడా, మందును బట్టి వారం నుండి నాలుగు వారాల వరకు కొనసాగించాలి. ఏది ఎవరికి తగినదో వైద్యుడే చెప్పాలి. దోమతెర వాడండి, సాయంత్రం కూటాలకు పొడుగు చేతుల రవికలు, చొక్కాలు వేసుకోండి. తిరిగి వచ్చాక నెలల తరువాత జ్వరం వచ్చినా సరే, "నేను కెన్యా వెళ్ళివచ్చాను" అన్న మాట వైద్యునితో మొట్టమొదట చెప్పాలి; చెప్పకపోతే కావలిలో దానిని వైరల్ జ్వరం అనుకొని ఊరుకొనే ప్రమాదం ఉంది.

మూడవది చాలామందికి తెలియదు. విక్టోరియా సరస్సు నీటిలో బిల్హార్జియా అనే పురుగు జబ్బు ఉన్నది. ఒక రకం నత్తల ద్వారా నీటిలోకి వచ్చే సన్నని పురుగు చర్మం గుండా లోపలికి పోతుంది, నీళ్ళు తాగనక్కరలేదు, మోకాలి లోతున నిలబడితే చాలు. మీ యాత్రలో బాప్తిస్మం కూటం ఉంటే అది సరస్సులోనే జరగవచ్చు. బాప్తిస్మం ఇచ్చేది ఎలాగూ అక్కడి కాపరిగారే కనుక, మీరు ఒడ్డున నిలబడి పాట పాడితే కొరతేమీ లేదు. ఎవరైనా దిగవలసి వస్తే, తిరిగి వచ్చిన కొన్ని వారాల తరువాత పరీక్ష చేయించుకోవాలి. దానికి మంచి మందు ఉన్నది, భయపడనక్కరలేదు.

ఇక ఆ వైద్య శిబిరం. దీని మీద నా మాట కొంచెం కటువుగా ఉంటుంది, మన్నించండి. మన దేశంలో రిజిస్ట్రేషను ఉన్నంత మాత్రాన వేరే దేశంలో వైద్యం చేయడానికి వీలు లేదు. కెన్యాలో విదేశీ వైద్యులు అక్కడి వైద్య మండలి నుండి తాత్కాలిక అనుమతి తీసుకోవాలి, నర్సులకు నర్సింగ్ మండలి వేరే ఉన్నది. అనుమతి లేకుండా బల్ల వేసి, రక్తపోటు చూసి, మాత్రలు పంచితే మిమ్మల్ని పిలిచిన సంఘం చిక్కుల్లో పడుతుంది. పైగా రక్తపోటు ఎక్కువగా ఉన్న మనిషికి పది రోజుల మాత్రలిచ్చి వెళ్ళిపోతే పదకొండో రోజున ఆయన ఎవరిని అడగాలి? దగ్గరలోని ప్రభుత్వ ఆరోగ్య కేంద్రం వారితో మాట్లాడి, వారి శిబిరానికి మీరు కుర్చీలు వేసి, నీళ్ళందించి, వరుసలు చూసుకోవడం సరైన పని.

జవాబు: కందుకూరు యువకుడు

పెద్దలందరికీ వందనాలు. కాపరిగారి మాటతో నేను చాలావరకు ఏకీభవిస్తాను గాని ఒక్క చోట వేరుగా ఆలోచిస్తున్నాను. రెండు వారాలంటే ఎంత? అందులో మొదటి మూడు రోజులు కూర్చోవడానికే పోతే మిగిలేది తక్కువ. అక్కడి సంఘం వారు మైకు అద్దెకు మాట్లాడి, పక్క ఊళ్ళ వారిని పిలిచి, రెండో రోజు కూటం పెట్టుకొన్న తరువాత "మేము ఇప్పుడు మాట్లాడము, వింటాము" అనడం కూడా అతిథి మర్యాద కాదు. పిలిచినవారు ఏమి కోరుతున్నారో అడగకుండా, వినడమే వినయమని మనమే తీర్మానించుకొంటే అది కూడా మన ప్రణాళికే అవుతుంది.

ఫోటోల గురించి కూడా ఒక మాట. ఈ యాత్రకు డబ్బు పెట్టినవారు ధనవంతులు కారు. మా సంఘంలో మిరప కోతలకు వెళ్ళే తల్లులు కూలి డబ్బులలో నుండి కానుక వేశారు. తాము పంపినది ఎక్కడికి చేరిందో చూడాలని వారికి ఉండదా? ఫోటోలు పంపండి. పిల్లల ముఖాలు దగ్గరగా తీసి, పేదరికం కనబడేలా పెట్టవద్దు, అంతే. మన పిల్లల ఫోటోలను అలా తీసి ఏ ఊరి గోడకో అంటిస్తే మనకు ఎలా ఉంటుందో అక్కడి తల్లిదండ్రులకూ అలాగే ఉంటుంది. తీయబోయే ముందు వారిని అడగడం, కాపరిగారు వద్దన్న చోట కెమెరా లోపల పెట్టుకోవడం, ఈ రెండు చాలు.

తిరిగి ప్రశ్న: కావలి సహోదరి

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. నిన్న సాయంత్రం మా బృందం కూడుకొన్నప్పుడు వైద్య శిబిరం సంగతి చదివి వినిపించాను. నాయకుడైన అన్నగారు కొంచెం చిన్నబుచ్చుకొన్నారు గాని, శిబిరాన్ని తీసివేయడానికి ఒప్పుకొన్నారు. రెండో రోజు కూటం ఎవరు కోరారని అడిగితే, మేమే అడిగామని తేలింది. అక్కడి కాపరిగారికి ఇప్పుడు ఉత్తరం రాస్తున్నాము.

నాతో పని చేసే ఒక ఉపాధ్యాయుడు వేరొక ప్రశ్న వేశారు. "కెన్యాలో అత్యధికులు క్రైస్తవులే కదా, మీరు వెళ్ళి కొత్తగా చెప్పేదేమిటి?" అని. ఆయన ఎగతాళిగా అనలేదు, నిజంగానే అడిగారు. నాకు జవాబు దొరకలేదు. ఇంకొకటి, కిసుములో రోజువారీ జీవితం ఎలా ఉంటుందో తెలిసినవారు ఎవరైనా ఉన్నారా?

జవాబు: కిసుములో ఉంటున్న కనిగిరి వాసి

నేను ఉద్యోగరీత్యా ఇక్కడ ఉంటున్నాను. ఆత్మీయ సంగతులు పెద్దలు చెప్పారు కనుక నేను కంటికి కనబడేవే చెబుతాను.

నైరోబీ సముద్రమట్టానికి సుమారు 1,700 మీటర్ల ఎత్తున ఉంటుంది. జూలై అక్కడ చలి నెల. కావలిలో చెమటలు కక్కుతూ బయలుదేరినవారు దిగగానే స్వెటరు వెతుక్కొంటారు, కాబట్టి దానిని పెట్టె అడుగున పెట్టవద్దు. కిసుము దిగువన, భూమధ్యరేఖకు చాలా దగ్గరగా ఉంటుంది. పగలు వెచ్చగా ఉండి తరచు సాయంత్రానికి వాన పడుతుంది. నైరోబీ నుండి రోడ్డు మీద సుమారు 350 కిలోమీటర్లు, ఒక పగలంతా ప్రయాణం. దిగిన రోజే బయలుదేరకుండా రాత్రికి ఆగండి.

ప్లాస్టిక్ క్యారీ బ్యాగులను కెన్యా 2017 ఆగస్టు 28 నుండి నిషేధించింది. మనవాళ్ళు ఆవకాయ డబ్బాకు ఒక కవరు, దాని పైన ఇంకొక కవరు చుట్టి, చెప్పులకు వేరే కవరు, తడి తువ్వాలుకు వేరే కవరు వేసి పెట్టె సర్దుతారు. అవన్నీ ఇంటి దగ్గరే వదిలి గుడ్డ సంచులు వాడండి. పచ్చళ్ళు, పొడులు గట్టి మూత ఉన్న డబ్బాలలో తేవచ్చు గాని పండ్లు, విత్తనాలు తేవద్దు. ప్రవేశానికి 2024 జనవరి నుండి ఆన్‌లైన్‌లో ముందుగా అనుమతి తీసుకొనే పద్ధతి వచ్చింది. దరఖాస్తులో వచ్చే కారణం ఉన్నది ఉన్నట్టు రాయండి, పిలిచిన సంఘం ఉత్తరం జతచేయండి. సులువుగా ఉంటుందని విహారయాత్ర అని రాయడం సువార్తకు వెళ్ళేవారికి తగదు. ఎక్కువకాలం ఉండి పరిచర్య చేసేవారికి వేరే తరగతి పర్మిట్ ఉన్నది. మీరు ఏ కోవలోకి వస్తారో అక్కడి సంఘం వారే తమ అధికారులను అడిగి చెప్పాలి.

గడియారం సంగతి తప్పక తెలుసుకోండి. స్వాహిలీలో గంటలను సూర్యోదయం నుండి లెక్కిస్తారు. ఉదయం ఏడు వారికి ఒకటో గంట, తొమ్మిది వారికి మూడో గంట. పల్లెలో పెద్దవాళ్ళు మూడు గంటలకు ఆరాధన అంటే మధ్యాహ్నమని తీరికగా ఉండవద్దు. ఇంగ్లీషులో చెప్పినప్పుడు మామూలు లెక్కే కనుక, ఏ లెక్క అని రెండుసార్లు అడగడం సిగ్గుపడవలసిన పని కాదు.

సరస్సు చుట్టుపక్కల పల్లెల్లో ఎక్కువమంది లువో జనం, ఇంట్లో మాట్లాడేది లువో భాష. మీలో ఎవరైనా తెలుగులో ప్రసంగిస్తే దానిని ఇంగ్లీషులోకి ఒకరు, లువోలోకి ఇంకొకరు చెప్పాలి. మన ప్రసంగీకులు ఒక్క ఊపిరిలో మూడు వచనాలు, రెండు ఉపమానాలు, ఒక పాట పల్లవి కలిపి చెబుతారు. రెండో తర్జుమా చేసేవారికి చేరేసరికి అందులో మిగిలేది హల్లెలూయా ఒక్కటే. చిన్న కథ, చిన్న సాక్ష్యం, చిన్న వాక్యాలు. ముందు రాత్రి తర్జుమా చేసేవారితో కూర్చొని ఒకసారి చెప్పుకోండి.

ఇంటికి వెళితే భోజనానికి ముందు ఆ ఇంటివారు చెంబుతో గోరువెచ్చని నీళ్ళు మీ చేతుల మీద పోస్తారు, కింద గిన్నె పడతారు. పోసేది ఎక్కువగా ఇంటి ఆడపిల్ల. ఆ పిల్ల వరుసగా అందరి ముందూ వంగి నిలబడుతుంది. ఫోను చూసుకొంటూ చేయి చాపకుండా, ఆ పిల్ల ముఖం చూసి ఒక మాట చెప్పండి. మొక్కజొన్న పిండితో గట్టిగా వండే ఉగాలి మన సంగటిలాగే చేత్తో ముద్ద చేసి తినేది. దానితో ఆకుకూర, సరస్సు చేప, ఒమెనా అనే చిన్న ఎండుచేపలు పెడతారు. కారం ఉండదు. ఆ పక్కనే మీ గొడ్డుకారం డబ్బా తెరవాలని చేయి లాగుతుంది, మొదటి ఇంట మాత్రం వద్దు.

ఆదివారం ఆరాధనలో అతిథులను నిలబెట్టి ఒక్కొక్కరినీ పలకరించమంటారు. "బ్వానా అసిఫివే" (ప్రభువుకు స్తోత్రం) అని మీరు పలికితే సంఘమంతా ఆమెన్ అంటుంది. ఆ తరువాత మీ పేరు, ఊరు, రెండు మాటలు చాలు. పల్లె సంఘాలలో కానుకగా కోడి, గుడ్లు, మొక్కజొన్న కంకులు తెచ్చేవారు ఉంటారు. ఆరాధన తరువాత వాటిని వేలం వేస్తారు, మన కోతపండుగ వేలంపాటలాగే. విదేశీ అతిథి కదా అని పాటను పెంచాలని చూస్తారు, నవ్వుకొంటూ ఒకటి రెండు సార్లు పాడి ఆపండి. అందుకోసం చిన్న షిల్లింగు నోట్లు దగ్గర ఉంచుకోండి. పాడుకొన్న కోడిని అక్కడే ఒక వృద్ధురాలికి ఇచ్చేస్తే ఎవరూ ఏమీ అనుకోరు.

జవాబు: ఒంగోలు నుండి ఒక కాపరి

కందుకూరు తమ్ముడు అన్నది న్యాయంగానే ఉన్నది. పిలిచినవారే కూటం కోరుకొని ఉంటే మాట్లాడవలసిందే. ఇక్కడ కోరింది మనవాళ్ళేనని తేలింది గనుక సరిపోయింది.

మీ ఉపాధ్యాయ మిత్రుని ప్రశ్నకు నా జవాబు నెల్లూరు చరిత్రలోనే ఉన్నది. 1860 నుండి మన తెలుగువారు మద్రాసు రేవు మీదుగా దక్షిణాఫ్రికాలోని నటాలు తోటలకు ఒప్పంద కూలీలుగా వెళ్ళారు. వారిలో మన బాప్టిస్టు విశ్వాసులూ ఉన్నారు. తెల్లవారి మందిరాలు ఆ దేశంలో లేక కాదు. తమ భాషలో తమను మందలించేవారు, ఆదరించేవారు కావాలని కోరుకొన్నారు. నెల్లూరు కేంద్రంగా ఉన్న తెలుగు బాప్టిస్టు సంఘాల మిషను 1903లో జాన్ రంగయ్యగారిని భార్య కనకమ్మగారితో సహా అక్కడికి పంపింది. ఆ ఏడాది చివరనే కియర్స్‌నీ అనే టీ తోట దగ్గర మొదటి తెలుగు సంఘం ఏర్పడింది. 1915లో మరణించే దాకా ఆయన అక్కడి సంఘాలనే చూసుకొన్నారు. పంపింది అమెరికా డబ్బు కాదు, మన పల్లెల కానుకలు.

కాబట్టి క్రైస్తవులు ఎందరున్నారన్న లెక్కతో యాత్ర అవసరం తేలదు. ఎవరు పిలిచారు, ఎందుకు పిలిచారు అన్నది చూడాలి. మీరు రాస్తున్న ఉత్తరంలో ఈ ప్రశ్ననే సూటిగా అడగండి: "మా నుండి మీకు ఏమి కావాలి?" వచ్చిన జవాబు మీ అన్నగారి కాగితానికి పూర్తిగా వేరుగా ఉన్నా సరే, దాని ప్రకారమే నడవండి. ఒకవేళ వారు, "ఏమీ వద్దు, వచ్చి మాతో ప్రార్థించి వెళ్ళండి" అంటే అది చిన్న పిలుపని అనుకోవద్దు.

తిరిగి ప్రశ్న: కావలి సహోదరి

ఉత్తరానికి జవాబు వచ్చింది. ఆదివారపు బడి నడిపే స్త్రీలకు పాఠాలు ఎలా తయారుచేసుకోవాలో నేర్పమని అడిగారు, బహిరంగ కూటం ఊసే లేదు. అది నా వృత్తి గనుక ఆ పని నాకే అప్పగించారు. మా అన్నగారు రెండో ఆదివారం ఆరాధనలో వాక్యం చెబుతారు, అదీ వారు కోరిందే. వచ్చే వారం అందరం టీకాకు చెన్నై వెళుతున్నాము.

చివరిగా ఒక చిన్న సంగతి. మాకు ఇళ్ళలో బస ఏర్పాటు చేశారు. ఆతిథ్యమిచ్చే ఇంటికి ఏమి తీసుకొని వెళ్ళాలి? చీరలు అనుకొంటున్నాము.

జవాబు: కిసుములో ఉంటున్న కనిగిరి వాసి

చీరలు వద్దు, కట్టుకోవడం తెలియక పెట్టెలో దాస్తారు. ఇక్కడ ఒకరి ఇంటికి వెళ్ళేటప్పుడు చక్కెర, తేయాకు, వంటనూనె, మొక్కజొన్న పిండి వంటివి తీసుకెళ్ళడం మామూలే. కిసుములో దిగాక ఏ దుకాణంలోనైనా దొరుకుతాయి. ఇంట్లో అడుగుపెట్టగానే ఆ ఇల్లాలి చేతికి ఇవ్వండి, వేదిక మీద కాదు. పిల్లలున్న ఇల్లయితే ఒక రొట్టె కూడా కొనండి.